ఏడు పూతల గొంగళి

"ఏదీ, దాన్ని ఒక్కసారి బే అనమను," అన్నాడు కావలివాడు పిడుగయ్య.

బీరన్న తన వెనక నిలబడ్డ పొట్టేలు వైపు చూశాడు.

ఈదురుకొండ ఎక్కడం అతనికి అంత కష్టం కాలేదు. రాతిమెట్ల మీద మంచు పేరుకుని కాలు జారుతున్నా, గాలి కుడి ఎడమల చెంపలు వాయిస్తున్నా, నెత్తిన నిప్పుల కుంపటి పెట్టుకుని మాంత్రికుడి వెనకాల తొమ్మిది వందల మెట్లు చకచకా ఎక్కేశాడు. శిఖరం ఇంకా నూరు మెట్లే ఉంది. తూర్పున చీకటి పలచబడుతోంది. సరిగ్గా ఈ సమయంలో, రెండు బండల సందులో బల్లెం అడ్డం పెట్టి కూర్చున్న ఈ కావలివాడు, బొగ్గుల బస్తా మోస్తున్న పొట్టేలుని బే అనమంటున్నాడు!

బే అనడం పొట్టేలుకి ఒక లెక్క కాదు. కాని ఇది పొట్టేలు కాదు. విరజాపురం మహారాజు ఏకైక పుత్రుడు, మణికేతు.

నెల కిందట మాంత్రికుడు వక్రశిఖుడు తన దండంతో తాకి రాజకుమారుణ్ణి తెల్లటి పొట్టేలుగా మార్చేశాడు. ఒళ్ళంతా మార్చి, మాట మాత్రం మిగిల్చాడు. గడ్డి కావాలని రాజకుమారుడు తన నోటితో తనే అడుక్కోవాలని వాడి ముచ్చట. మణికేతు అడుక్కోలేదు. కోటగోడ దూకి పారిపోయి, ఉన్నిపాడులో గొంగళ్ళు నేసే బీరన్న మందలో మూడు వందల గొర్రెల మధ్య కలిసిపోయాడు. మర్నాడు ఉన్ని కత్తిరించడానికి బీరన్న అతని కాళ్ళు కట్టబోతే, "ఓయీ! రాజశరీరం మీద కత్తెర వేస్తావా?" అని గర్జించాడు. బీరన్న కత్తెర పారేసి మూర్ఛపోయాడు. తేరుకున్నాక ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఆ స్నేహమే ఇప్పుడు బీరన్నని ఇక్కడికి తెచ్చింది. ఎందుకంటే ఈ రోజు రథసప్తమి. ఈ రోజు ఈదురుకొండ శిఖరం మీద సూర్యుణ్ణి మొట్టమొదట ఏ కళ్ళు చూస్తాయో, ఆ నోరు పలికిన మొదటి కోరిక జరిగి తీరుతుంది. ఆరేళ్ళుగా ఆ కళ్ళు వక్రశిఖుడివే. ఒక ఏడు మంత్రదండం కోరాడు, ఒక ఏడు బంగారం కోరాడు. ఈ ఏడు విరజాపురం సింహాసనం కోరబోతున్నాడు. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. శాపానికి నెల నిండే ఈ ఉదయం దాటేలోగా దాన్ని విప్పకపోతే మణికేతు జన్మంతా పొట్టేలే.

అందుకే బీరన్న కూలివాడి వేషం వేశాడు. తెల్ల పొట్టేలుకి నెత్తి నుంచి తోక దాకా కుండమసి పులిమి నల్లగా చేశాడు. అంతా సవ్యంగా జరిగింది, ఈ పిడుగయ్య బే అనమనే దాకా.

"తెల్ల పొట్టేలుని పట్టిచ్చినవాడికి పల్లకీ ఇస్తామని స్వామివారు చాటింపు వేయించారు," అన్నాడు పిడుగయ్య, మసి పూసిన వీపు వైపు అనుమానంగా చూస్తూ. "ఇది నల్లదే. అయినా అడగడం నా ధర్మం. దొంగ పొట్టేలు అరవదట."

"అంటది సామీ, అనకేం!" అని బీరన్న వంగి, పొట్టేలు చెవిలో, "దొరా, ఒక్క బే అనండి, మీకు పుణ్యముంటది," అన్నాడు.

"మా వంశంలో ఎవరూ బే అనలేదు," అంది పొట్టేలు పళ్ళ సందున.

"మీ వంశంలో ఎవరూ గడ్డీ తినలేదు. నిన్న మాపటికి రెండు మోపులు లాగించారు గదా!"

పొట్టేలు ముఖం తిప్పుకుంది. పిడుగయ్య లేచి దగ్గరికి వస్తున్నాడు, చేతిలో తడిగుడ్డ కూడా ఉంది. బీరన్న ఇక ఆలోచించలేదు. ఎడమ మడమతో పొట్టేలు కాలి గిట్టల మధ్య గట్టిగా తొక్కాడు.

"బ్బే... ఏ... ఏ!" అంది పొట్టేలు. కొలువులో కచేరీ మొదలుపెట్టినట్టు ఆరోహణ అవరోహణలతో సహా అంది.

పిడుగయ్య ఆగిపోయాడు. "ఇదేం అరుపురా?"

"మా ఊళ్ళో భజన మందిరం వెనకాల మేసింది సామీ. దీని మూలంగా మా మందంతా రాగాలు తీస్తన్నది."

పైమెట్టు మీది నుంచి వక్రశిఖుడి గొంతు కొరడాలా వచ్చింది. "ఒరే పిడుగా! పొద్దు పొడిచాక వదులుతావా వాణ్ణి? కళ్ళు కట్టి పంపు!"

అదీ ఇక్కడి ఆచారం. ఈ బండలు దాటిన కూలివాడికి కళ్ళకు గంతలు కట్టాల్సిందే. మాంత్రికుడి కళ్ళు తప్ప మరే కళ్ళూ సూర్యుణ్ణి చూడకూడదు. పిడుగయ్య ఒక జిడ్డుగుడ్డ తీశాడు.

"సామీ, ఆ గుడ్డలో ఎన్ని కళ్ళకలకలు ఉన్నాయో ఏమో," అన్నాడు బీరన్న దీనంగా. "నా ఉన్నిపట్టీ ఉంది. నల్లది, మందమైంది. అది కట్టండి, మీ కాళ్ళు మొక్కుతా."

పిడుగయ్య పట్టీని చేతితో నలిపి చూసి, తృప్తిపడి కట్టేశాడు. దాని మధ్యభాగాన్ని బీరన్న జల్లెడలా పలచగా నేశాడని వాడికి తెలియదు.

"పొట్టేలుకో, స్వామీ?" అని అరిచాడు పిడుగయ్య.

వక్రశిఖుడు పకపకా నవ్వాడు. "ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పశువుకి కోరికేముంటుందిరా, పచ్చగడ్డి తప్ప? కళ్ళు కడితే అది నా బొగ్గులన్నీ లోయలో పోస్తుంది. తోలు పైకి!"

బీరన్న పెదవుల మీద చిన్న నవ్వు మెరిసి మాయమైంది.

గుడ్డివాడికి దారి తెలియాలి కనక మాంత్రికుడు తన భుజాన కట్టుకున్న పులితోలు కొసని అతని చేతికిచ్చాడు. ముందు మాంత్రికుడు, వెనక తోలు పట్టుకుని బీరన్న, ఆ వెనక పొట్టేలు. ఎక్కుతున్నంతసేపూ గాలి ఊళలు పెడుతోంది. ఆ చప్పుడులో ఎవరేం గుసగుసలాడినా వినపడదు.

"బీరన్నా," అంది పొట్టేలు, "ఒక సందేహం. సూర్యుడు పైనుంచి దిగుతాడా, కిందనుంచి ఎక్కుతాడా?"

బీరన్న కాలు తడబడింది. "అదేం ప్రశ్న దొరా? పొద్దు పొడవడం మీరెప్పుడూ చూడలేదా?"

"మేం నిద్రలేచేసరికి ఎప్పుడూ నడినెత్తినే ఉంటాడు. రాత్రంతా అక్కడే ఉంటాడని అనుకున్నాం."

"దేవుడా!" అనుకున్నాడు బీరన్న. "సరే. మీరు కళ్ళు మూసుకుని మూల నిలబడండి. చూసేది నేను, కోరేది నేను. మీరు మనిషి కావాలని నేను కోరతా. మీరు నోరు మెదపకుండా ఉంటే చాలు."

ఇంతలో గాలి ఒక్కసారి విసిరికొట్టింది. బీరన్న వేళ్ళు పులితోలు ముడిని ఎప్పుడో వదులు చేశాయి. తోలు మాంత్రికుడి భుజం మీది నుంచి ఎగిరి, నాలుగు కాళ్ళూ చాపి, ప్రాణమొచ్చిన పులిలా లోయలోకి దూకింది.

"నా తోలు! పట్టుకోరా!" అని వక్రశిఖుడు కేకపెట్టాడు.

"కళ్ళకు గంతలు సామీ! ఎటుపోయిందో మీరే చెప్పండి, పరిగెత్తుతా!"

 వక్రశిఖుడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ గాలిలో బట్టతల మీద వాడి ఒంటి పిలక జెండాకర్రలా నిక్కబొడుచుకుంది. "ఒరే," అన్నాడు వణుకుతూ, "నీ గొంగళి ఇటు తే."

"అమ్మో! మా తాత గొంగళి సామీ. ప్రాణం అడగండి ఇస్తా, గొంగళి అడగమాకండి."

"ప్రాణమూ తీసుకుంటా, గొంగళీ తీసుకుంటా. తెస్తావా, తేవా?"

బీరన్న ఏడుపుముఖం పెట్టి గొంగళి విప్పాడు. ఏడుపు ముఖానికే. కడుపులో నవ్వు కుతకుత ఉడుకుతోంది.

గొంగళి నేతలో ఆఖరి పని గంజి పెట్టడం. చింతగింజలు నానబెట్టి, దంచి, ఉడికించి, ఆ జిగురుగంజిని కుంచెతో గొంగళికి పట్టిస్తారు. ఒక్క పూత పూస్తే గొంగళి బిరుసుగా నిలబడుతుంది, వాన జారిపోతుంది. బీరన్న ఈ గొంగళికి మూడు రోజులు కూర్చుని ఏడు పూతలు పూశాడు. మంచులో తడిసినంతసేపూ అది తేనెలో ముంచిన గుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. ఎండిన చలిగాలి తగిలిందా, చెక్కపెట్టె అయి కూర్చుంటుంది. మళ్ళీ వేడి తగిలితే తప్ప వదలదు.

"ఇలాక్కాదు సామీ, చలి దూరకుండా నేను కప్పుతా," అని బీరన్న తడుముకుంటున్నట్టు నటిస్తూ మాంత్రికుడి రెండు చేతులూ గొంగళి లోపలికి తోసి, గొంతు దగ్గర బిగించి, పైకొసని కొప్పులా మడిచి నెత్తి మీదికి లాగి నుదుటి దాకా దించాడు. "ఇప్పుడు ఎట్టా ఉంది?"

"వెచ్చగా ఉంది," అన్నాడు వక్రశిఖుడు హాయిగా. పాపం, నిజమే అన్నాడు.

శిఖరం చేరారు.

అక్కడ లోకమే వేరు. కింద కొండలన్నీ మబ్బుల పాలకడలిలో మునిగిపోయి, కొసలు మాత్రం చేపల వీపుల్లా తేలుతున్నాయి. పడమట చుక్కలు ఇంకా వెండి మొలల్లా మెరుస్తున్నాయి. తూర్పున అంచు వెంబడి ముందు పావురాయి మెడరంగు, దాని కింద పచ్చిపసుపు, అడుగున కుంకుమ గీత. నడిమధ్యన మోకాలెత్తు నల్లరాయి ఒకటి పీటలా చదునుగా ఉంది. గాలి ఆ రాయి చుట్టూ సుడి తిరుగుతూ, మంచుపొడిని ఎత్తి ముఖాన కొడుతోంది.

వక్రశిఖుడు రాయి ఎక్కి తూర్పుకేసి కూర్చున్నాడు. చంకలోని దండాన్ని ఒళ్ళో పెట్టుకుందామంటే చేతులు లోపలున్నాయి కనక దాన్ని కిందికి జార్చి మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. "ఒరే, కుంపటి ఇక్కడ పెట్టు, నా ముందు."

 వేడి తగిలితే ఏడు పూతలూ కరిగి నీళ్ళయిపోవూ! "చిత్తం సామీ," అని బీరన్న రెండడుగులు వేసి, లేని రాయి తన్నుకుని, కుంపటితో సహా బోర్లాపడ్డాడు. నిప్పులు గాలికి మిణుగురుల్లా లేచి లోయలోకి పోయాయి.

"దరిద్రుడా!"

"గంతలు సామీ, గంతలు!"

పొద్దు పొడవబోయే ముందు ఈదురుకొండ మీద గాలి మారుతుంది. తడిగాలి పోయి, ఉత్తరం నుంచి ఎముకలు కొరికే పొడిగాలి వస్తుంది. అది వచ్చింది. గొంగళి చిటచిటమంది. కొప్పు మెల్లగా ముందుకు వంగి, నుదురు దాటి, కనుబొమలు దాటి, ముక్కు దాకా దిగి, బిగుసుకుపోయింది.

"ఒరే కూలీ," అన్నాడు వక్రశిఖుడు కాసేపటికి, "నా కళ్ళకేదో అడ్డం వచ్చింది."

"మబ్బు సామీ."

"మబ్బు ఇంత నల్లగా ఉంటుందా?"

"నాకేం తెలుసు సామీ, నాకూ నల్లగానే ఉంది."

వక్రశిఖుడు చెయ్యి ఎత్తబోయాడు. చెయ్యి రాలేదు. రెండోది ఎత్తబోయాడు. అదీ రాలేదు. మూలలోంచి "కిహి" అని చిన్న నవ్వు వినపడింది. పొట్టేళ్ళు అలా నవ్వవు. మాంత్రికుడికి అంతా ఒక్కసారి అర్థమైంది.

"ద్రోహీ!" అని రంకె వేసి, గొంగళి పెట్టెలో బిగిసిన ఒంటితో అలాగే రాయి మీది నుంచి దొర్లి, రెండు కాళ్ళూ జోడించి తన్నాడు. ఆ తన్ను గుడ్డిగా వచ్చినా గురి తప్పలేదు. అప్పుడే గంతలు విప్పి తూర్పుకి తిరుగుతున్న బీరన్న కడుపులో తగిలింది. అతను గిరగిరా తిరిగి, శిఖరం పడమటి అంచు మీది నుంచి జారిపోయాడు.

చేతికి ఒక రాతి మొన దొరికింది. పట్టుకుని వేలాడాడు. కాళ్ళ కింద నిలువు లోయ. ముక్కుకి ఎదురుగా నల్లటి బండ. సూర్యుడు వీపు వెనక కూడా కాదు, బండకి అవతల ఉన్నాడు. చూస్తూ ఉండగానే ఆ బండ పైఅంచు మీద చిన్న రంగు పాకింది. గులాబీ రంగు. అది చిక్కబడి దానిమ్మగింజ రంగైంది.

పొద్దు పొడుస్తోంది! తను చూడలేడు. మాంత్రికుడు చూడలేడు. ఇక శిఖరం మీద కళ్ళున్నది ఒక్కరికే.

"దొరా!" అని అరిచాడు బీరన్న గొంతు చించుకుని. "రాయెక్కండి! తూర్పుకి చూడండి! మనిషిని కావాలని కోరండి!"

గిట్టల చప్పుడు టకటకమంది. నల్లరాయి మీద పొట్టేలు నిలబడింది. దాని వంకరకొమ్ములు రెండూ నిప్పు అంటుకున్నట్టు ఎర్రగా వెలిగాయి. బీరన్నకి ఆ కొమ్ములు మాత్రమే కనిపిస్తున్నాయి.

"కోరండి దొరా!"

 పొట్టేలు నోరు తెరుచుకుని అలాగే ఉంది. పుట్టి ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఉదయాన్ని చూస్తున్నాడు రాజకుమారుడు.

"దొ...రా!"

"ఆహా!" అంది పొట్టేలు నెమ్మదిగా. "ఇంత బాగుంటుందా బీరన్నా? ఇదంతా వదిలి ఇన్నాళ్ళూ దుప్పటి కప్పుకుని పడుకున్నామా? ఈ పొద్దు ఇలాగే, ఇక్కడే ఆగిపోతే ఎంత బాగుండు!"

బండ మీద పాకుతున్న ఎరుపు ఠక్కున ఆగింది.

బీరన్న కళ్ళు మూసుకుని, మూడు వందల గొర్రెలు కాస్తూ నేర్చుకున్న తిట్లన్నీ మనసులో ఒకసారి వల్లించుకున్నాడు. తర్వాత రాతి మొన పట్టుకుని పైకి పాకాడు.

తూర్పున సూర్యుడు సగం పైకి వచ్చి నిలబడిపోయాడు. పైకి రాడు, కిందికి పోడు, కోసి పెట్టిన దానిమ్మచెక్కలా ఉన్నాడు. మబ్బుల కింద ఏడూళ్ళ కోళ్ళు కూత మొదలుపెట్టాయి. పొద్దు పైకి రాలేదు కనక ఆపలేదు. కూస్తూనే ఉన్నాయి.

"మేమేమైనా తప్పు చేశామా?" అంది పొట్టేలు.

"లేదు దొరా. లోకం ఆపేశారు, అంతే!"

"మా మనసుకి తోచింది అన్నాం..."

గొంగళి పెట్టెలోంచి బోలుగా నవ్వు వినిపించింది. "ఒరే కూలీ, నీ రాజకుమారుడు నా కొంప ముంచి, తన కొంపా ముంచుకున్నాడు. ఉన్న ఒక్క కోరికా అయిపోయింది. ఇక వాడికి నేనే దిక్కు. నన్ను విప్పు. దండంతో తాకి తిరుగుమంత్రం చెబుతా."

బీరన్న కిందపడిన దండం తీసుకున్నాడు. తాపీగా వెళ్ళి గొంగళి మీద కూర్చున్నాడు. పీటలా బాగానే ఉంది. రొంటిన కట్టుకున్న జొన్నరొట్టె తీసి, సగం తుంచి పొట్టేలుకి పెట్టాడు.

"తొందరేముంది సామీ? ఉదయం దాటితే గదా మా దొరకి ముప్పు! ఉదయం దాటేట్టు లేదు. పొద్దు పైకి రాకపోతే ఎండ రాదు. ఎండ రాకపోతే మీ గొంగళి కరగదు. దండం నా చేతిలో ఉంది, మంత్రం మీ నోట్లో ఉంది. నిదానంగా చెప్పండి, వింటా."

"చెప్పను!"

"అయితే నేనూ లేవను. రొట్టె తింటారా? కొప్పు కింద సందుంది, అందిస్తా."

మాంత్రికుడు ఏదో అనబోయాడు. ఇంతలో తూర్పు నుంచి పటుక్కుమని పెద్ద చప్పుడు వచ్చింది, బిగించిన పగ్గం తెగినట్టు.

బీరన్న తలెత్తాడు. ఆగిన సూర్యబింబంలోంచి ఒక నిప్పురవ్వ ఊడి, మబ్బుల మీదుగా దొర్లుతూ వస్తోంది. దగ్గరయ్యేకొద్దీ దానికి జూలు వచ్చింది, కాళ్ళు వచ్చాయి, సకిలింపు వచ్చింది. ఏడు గుర్రాల రథం ఉన్నపళంగా ఆగితే ఒక గుర్రం పగ్గం తెంపుకోదూ! కాచిన బంగారంలా ధగధగలాడుతూ ఆ గుర్రం శిఖరం మీదికి దూకింది. గిట్టలు పడిన చోటల్లా మంచు సలసల కాగి ఆవిరైపోయింది.

"మజ్జారే!" అంది పొట్టేలు. "అశ్వమంటే అదీ! మా శాలలో..."

"దొరా, శాల సంగతి తర్వాత!" అన్నాడు బీరన్న లేచి నిలబడి. ఎందుకంటే అతని కింది పీట మెత్తబడుతోంది.

గుర్రం ఒంటివేడికి ఏడు పూతల గంజీ కరిగి, జిగురు చుక్కలు చుక్కలుగా కారుతోంది. గొంగళి ముడత విడింది. లోపలి నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తర్వాత రెండోది. తర్వాత కొప్పు వెనక్కి పడి, చింతగంజి కారుతున్న పిలకతో, నెత్తురుకళ్ళతో వక్రశిఖుడి ముఖం బయటపడింది.

బీరన్న ఆలోచించలేదు. పొట్టేలుని ఎత్తి గుర్రం మీదికి విసిరాడు, దండం నోట కరుచుకున్నాడు, జూలు పట్టుకుని తనూ ఎగిరి కూర్చున్నాడు. గొర్రెల మీద స్వారీ చేసినవాడికి గుర్రం కొత్తే గాని, కిందపడే తీరిక లేదు. గుర్రం ముందుకాళ్ళెత్తి సకిలించి, శిఖరం అంచు మీది నుంచి ఒక్క దూకు దూకింది.

గాలి చెవుల్లో హోరెత్తింది. కొండలు కింద గులకరాళ్ళయిపోయాయి. గుర్రం తన చోటు వెతుక్కుంటూ నేరుగా సూర్యుడి రథం వైపే పోతోంది.  ఇది వెళ్ళి రథానికి చేరిందంటే పొద్దు మళ్ళీ కదులుతుంది. పొద్దు కదిలిందంటే ఉదయం దాటుతుంది. ఉదయం దాటిందంటే రాజకుమారుడు జన్మంతా పొట్టేలే!

"బీరన్నా!" అని పొట్టేలు గావుకేక పెట్టింది. "మా వెనక భాగం ఎవరో లాగుతున్నారు!"

బీరన్న వెనక్కి తిరిగాడు. పొట్టేలు జానెడు తోకని రెండు చేతులా పట్టుకుని వక్రశిఖుడు ఆకాశంలో వేలాడుతున్నాడు. గొంగళి వాడి వెనకాల రెక్కలా రెపరెపలాడుతోంది. వాడి కింద మబ్బులు, మబ్బుల కింద ఎంత దూరమో ఎవరికీ తెలియదు.

బీరన్న దండాన్ని నోట్లోంచి తీసి, పొట్టేలు వీపుకి ఆనించి పట్టుకున్నాడు. రథచక్రం అప్పటికే ఊరంత పెద్దదిగా కనిపిస్తోంది.

"సామీ! దండం తాకించా! మంత్రం చెప్పండి!"

"చెప్పను!" అని అరిచాడు వక్రశిఖుడు.

"చెప్పకపోతే తోక వదిలిస్తా!"

"వదిలిస్తే మంత్రం నాతోపాటే పోతుంది!"

"అయితే చెప్పండి! చెప్పాక మిమ్మల్ని పైకి లాగుతా, మా గొర్రెల మీద ఒట్టు!"

వక్రశిఖుడు కిందికి చూశాడు, పైకి చూశాడు, చివరికి తన గుప్పిట్లో ఉన్న ఆ జానెడు తోకని చూశాడు. వాడి ముఖం పాలిపోయింది.

"మూర్ఖుడా!" అన్నాడు ఏడుపుగొంతుతో. "చెబితే వాడు మనిషవుతాడు! మనిషికి తోకెక్కడుంటుంది? నేను దేన్ని పట్టుకు వేలాడను?"